బేరంలో బయటపడే మనిషి

ఫలానావాడు పిసినారి అని రచయిత రాసేస్తే పాఠకుడు సరేనని పేజీ తిప్పుతాడు. అదే మనిషిని కూతురి పెళ్లి సామానుకు హైదరాబాద్ బేగంబజార్ పంపిస్తే సంగతి వేరు. రాగి బిందెను రెండుసార్లు తూకం వేయిస్తాడు. కొట్టు యజమానిని ‘సేఠ్‌గారూ’ అంటూనే, మూట మోసిన హమాలీని ‘ఏయ్’ అని పిలిచి పది రూపాయల దగ్గర పేచీ పెడతాడు. అప్పుడు పిసినారి అన్న మాట పాఠకుడే అనుకుంటాడు. పనిలో పనిగా ఆ మనిషి ఎవరికి లొంగుతాడో, ఎవరిమీద లేస్తాడో కూడా తెలిసిపోతుంది.

అంతటితో ఆపితే అతను ఒకే గుణానికి కట్టిన బొమ్మ. కూతురు ముచ్చటపడి చూసిన ఇత్తడి కుందులకు ధరైనా అడక్కుండా డబ్బు తీశాడా, మనిషవుతాడు. ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో ఈ రెండు రకాల పాత్రలకూ తేడా చెప్పాడు: నమ్మదగిన రీతిలో మనల్ని ఆశ్చర్యపరిచేదే నిండైన పాత్ర.

తెలుగులో ఈ విద్యకు పెద్దబడి ‘కన్యాశుల్కం’. 1892లో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకాన్ని గురజాడ బాగా పెంచి 1909లో మళ్లీ అచ్చువేయించారు. అందులోని గిరీశాన్ని పట్టించేది ముఖ్యంగా అతడి నోరే. విజయనగరంలో అప్పులవాళ్ల బెడద పడలేక ఊరు విడుస్తూ, దాన్ని శిష్యుడికి చదువు చెప్పే ఘనకార్యంలా చూపిస్తాడు. వితంతు వివాహం మీద అతడి ఉపన్యాసాలు ఆ శిష్యుడి అక్క, వితంతువైన బుచ్చమ్మ చెవినపడేలా సాగుతాయి. మాట సంస్కర్తది, చూపు వేరేవాడిది. ఆ రెంటి మధ్య ఎడమే గిరీశం. అదే నాటకంలో రామప్పపంతులు డాబు ఎంత డొల్లో వేశ్య మధురవాణి ఎదుట తేలిపోతుంది. ఒక పాత్రను కొలవడానికి ఇంకో పాత్రను పక్కన నిలబెట్టడమన్నమాట.

మొక్కపాటి ‘బారిష్టర్ పార్వతీశం’లో కథ చెప్పేది పార్వతీశమే. తన అమాయకత్వం అతడికి కనబడదు, చదివేవాళ్లకు కనబడుతుంది. నవ్వంతా అక్కడే పుడుతుంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి మనసులోకే తీసుకుపోయారు. ఈ దారి కష్టం. ఆలోచనలు ఎక్కువై పనులు తగ్గితే పాత్ర పలచబడుతుంది.

హైదరాబాద్ కథకు అదనంగా దొరికే సౌకర్యం భాష. బేరం ఉర్దూలో మొదలుపెట్టి, కోపం వస్తే తెలుగులోకి దిగే మనిషి గురించి వేరే వర్ణన అక్కర్లేదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ పలుకుబడి యాసకోసం వాడిందనుకుంటే పొరపాటు. దొర ముందు మాట ఎలా వంగుతుందో అందులో వినబడుతుంది.

ఇంత శ్రమ ప్రతి పాత్రకూ అవసరం లేదు. ఒక్కసారి కనబడి వెళ్లే హమాలీకి, చేతిలో పెట్టిన నోట్లను లెక్కపెట్టకుండా జేబులో వేసుకోవడం చాలు.