మన ఎండల్లో కారుకు హీటరెందుకు?

పినపాక వైపు ఎవరితోనైనా "పాత కారు హీటర్ బాగు చేయించాలి" అని చూడండి. మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. మే నెలలో మణుగూరు గనుల పక్కనుంచి వస్తుంటే బానెట్ మీద చెయ్యి ఆనించలేం. ఎండలు ముదిరాయంటే కొత్తగూడెం, భద్రాచలం పేర్లు పేపర్లో పడాల్సిందే. అలాంటి నేల మీద తిరిగే బండికి వేడిగాలి పెట్టె ఏం చేసుకోను? మెకానిక్కుల తీర్పూ అదే. హీటర్ కారుతోందంటే దానికి వెళ్లే రెండు హోస్ పైపులూ ఊడబీకి, ఒకదాన్ని ఇంకోదానికి తగిలించి, "బైపాస్ చేశానన్నా, ఇక గొడవ లేదు" అని చేతులు తుడుచుకుంటారు.

దారిలో ఆగిపోయినప్పుడు అది మంచి ఉపాయమే. కాని దాన్నే శాశ్వతం చేసుకున్నవాళ్లకు జూలైలో తెలుస్తుంది తేడా. ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు దాటి రాత్రిపూట జోరువానలో వెళ్తుంటారు. కిటికీలు మూసుంటాయి. లోపల నలుగురు, ఒకరి ఒళ్లో తడిసిన గొడుగు. పది నిమిషాల్లో ముందద్దం పాలు పోసినట్టు తెల్లబడుతుంది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుంటాడు. ఎదురుగా బొగ్గు లారీ లైట్లు వస్తే ఆ తెల్లదనమంతా మెరిసి, రోడ్డే కనిపించదు.

ఆ పెట్టెకు హీటర్ అని పేరు పెట్టడమే మన దగ్గర దానికి శాపమైంది. నిజానికి అది కారు ముక్కు. బయటిగాలి లోపలికి వచ్చేది దాని గుండానే. ముందద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీలోంచి గాలి దిగుతుంది. బ్లోయర్ దాన్ని తోస్తుంది. ఆ గాలి హీటర్ కాయిల్ మీదుగానో, దాన్ని తప్పించుకునో వెళ్తుంది. తర్వాత చిన్న తలుపుల్లాంటి రేకులు దాన్ని అద్దానికో, మొహానికో, కాళ్లకో మళ్లిస్తాయి. డ్యాష్‌బోర్డు మీద మనం జరిపే మీటలు కదిలించేది ఆ రేకులనే.

కాయిల్ అంటే చిన్న రేడియేటరే, పెద్ద పుస్తకమంత ఉంటుంది. ఇంజన్లో కాగిన నీళ్లు ఒక పైపులోంచి వచ్చి, సన్నటి గొట్టాల్లో తిరిగి, రెండో పైపులోంచి ఇంజన్‌కే పోతాయి. ఎలాగూ బయటికి పారబోసే వేడిని కాస్త మనవైపు మళ్లించుకోవడమన్నమాట. ఇందుకు అదనంగా పెట్రోలు కాలదు. బ్లోయర్ తినే కాస్త కరెంటు తప్ప ఖర్చేమీ లేదు.

అద్దం మసక ఎందుకు పోతుందో ఒక లెక్కతో చెబుతాను. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి మహా అయితే 23 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలిని 40 డిగ్రీలకు వేడిచేస్తే దాదాపు 51 గ్రాములు మోస్తుంది. అంటే వానాకాలపు నిండుతేమ గాలి కూడా కాయిల్ దాటేసరికి సగం ఖాళీ సంచి అవుతుంది. అద్దానికి తగిలినప్పుడు అక్కడి చెమ్మను ఆ సంచిలో నింపుకుని పోతుంది. అద్దం కూడా కాస్త వేడెక్కుతుంది కాబట్టి మళ్లీ చెమ్మ పట్టదు. ఉక్కగా ఉంటుంది, నిజమే. కిటికీ రెండంగుళాలు దించి, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపేస్తే చాలు. ఏసీ కారులో ఒక్కోసారి అద్దానికి బయటివైపు మసక పడుతుంది. అది వేరే సంగతి, దానికి మందు వైపరే.

రెండో ఉపయోగం మన ఎండలకే పుట్టినట్టుంటుంది. ఇంజన్ కాగిపోయి సూది ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, కిటికీలన్నీ దించి, హీటర్ పూర్తిగా తెరిచి, బ్లోయర్ గట్టిగా పెట్టాలి. రేడియేటర్‌కు ఇంకో చిన్న రేడియేటర్ తోడవుతుంది. మనం ఉడికిపోతాం గాని ఇంజన్ నీడపట్టుకు చేరేదాకా బతికే అవకాశం ఉంటుంది. సూది అయినా దిగకపోతే బండి ఆపాల్సిందే. హీటర్ బైపాస్ అయిన బండికి ఈ దారి కూడా లేదు.

మన వైపు తిరిగిన పాత జీపుల్లో, అంబాసిడర్లలో చాలావాటికి అసలు హీటరే ఉండేది కాదు. సామాన్యుడి ఇంటికి ఆ పెట్టెను తెచ్చింది ప్రధానంగా మారుతి 800. 1983 డిసెంబరులో మొదలైన ఆ కారుకు, 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు రావడంతో అక్కడ అమ్మకం ఆగింది. మన చిన్న ఊళ్లలో ఇంకొన్నేళ్లు నడిచింది. 2014 జనవరిలో తయారీ నిలిచింది. అదే ఏడాది మేలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండే వింటేజ్. ఆ లెక్కన మొదటి 800కి కూడా ఇంకా వయసు రాలేదు. ఇంట్లో నాన్న నడిపిన బండికి మాత్రం అలాంటి చట్టాలు పట్టవు.

చలిదేశాల్లో ఈ పెట్టెకు ఇచ్చే గౌరవం వేరు. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ బయటిగాలిని వడకట్టి, వేడిచేసి లోపలికి తోసే ఏర్పాటు తెచ్చింది. అంతకుముందు చాలా కార్లలో హీటర్ అంటే లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పే డబ్బా. 1968 నుంచి అక్కడ కార్ల ముందద్దం మసక తొలగించే ఏర్పాటు చట్టప్రకారం తప్పనిసరి. డెట్రాయిట్‌లోనో షికాగోలోనో ఉన్న మన పిల్లల్ని అడగండి, జనవరిలో హీటర్ లేని కారు ఇంటిముందు ఉన్నా లేనట్టే.

ఇక పెట్టె ఎలా పాడవుతుందో చూద్దాం. మన అడవి పక్క ఊళ్లలో మొదటి దొంగ చెట్టు. ఇప్పచెట్టు కిందో వేపచెట్టు కిందో బండి ఆపుతాం. పూత, ఆకు, పుల్ల ఆ జాలీలోంచి దిగి, వాననీళ్లు పోయే రంధ్రాన్ని మూసేస్తాయి. నీళ్లు తొట్టిలా నిలబడి, చివరికి బ్లోయర్‌లోకి పొంగుతాయి. రెండో దొంగ ఎలుక. పెట్టె చీకటిగా, వెచ్చగా, స్పాంజీతో మెత్తగా ఉంటుంది. పిల్లల్ని పెట్టడానికి అంతకంటే మంచి ఇల్లు దానికి ఎక్కడ దొరుకుతుంది? మూడోది గోదావరి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు దాకా వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. అలాంటి వరద నీళ్లలో నానిన బండిని ఎంత కడిగినా బ్లోయర్ వేయగానే బురదవాసన కొడుతోందంటే, ఒండ్రు ఆ పెట్టెలోనే కూర్చుందని అనుమానించండి.

లక్షణాలను బట్టి రోగం పట్టొచ్చు. కాళ్లకింద మ్యాట్ తడిగా ఉంటే ఆ తడిని రెండు వేళ్ల మధ్య రుద్దండి. జిడ్డుగా జారుతూ, రంగుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, అంటే కాయిల్ కారుతోంది. మామూలు నీళ్లయితే జాలీ నుంచి దిగిన వానో, ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోవడమో. నాలుకమీద మాత్రం వేసుకోకండి, కూలెంట్‌లోని గ్లైకాల్ విషం. కుక్కలు ఆ తీపికి నాకి చచ్చిపోతాయి. నేలమీద ఒలికితే వెంటనే కడిగేయాలి. బ్లోయర్ ఒకటి, రెండు నంబర్లలో తిరగక చివరి నంబర్లోనే తిరుగుతుంటే మోటారుకు జబ్బు లేదు. వేగం తగ్గించే రెసిస్టర్ తీగ తెగింది. దాన్ని కావాలనే గాలి దారిలో పెడతారు, చల్లగా ఉండాలని. ఆకులు అడ్డుపడి గాలి తగలకపోతే అది మాడిపోతుంది. ఈ సంగతి తెలియక మంచి మోటారును మార్పించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

పెట్టె దించే రోజున ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. కాగిన రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కూలెంట్‌ను బకెట్లోకి దించి, ప్రతి వైరునూ కేబుల్‌నూ ఊడదీసే ముందు ఫోన్లో ఫొటో తీసుకోవాలి. 800లో పెట్టె రెండు ప్లాస్టిక్ చిప్పలు, వాటిని పట్టుకుని స్క్రూలు, క్లిప్పులు. ఇరవై ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. కాసేపు ఎండలో పెట్టి, కాస్త మెత్తబడ్డాక విప్పితే నయం. ఎండ ఒక్క ఈ పనిలో మనకు చుట్టం. పాత ఇంగ్లీషు బండ్లలో ఇది ఇనప రేకు పెట్టె. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, రంగు కొట్టాలి. వాటి చుట్టూ పాత వేడి అట్టలుంటే పొడిగా గీకొద్దు, ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని పని తెలిసినవాళ్లకే వదిలేయాలి.

కాయిల్ దగ్గరే అసలు పని. ముందు మామూలు పైపు నీళ్లతో, వచ్చే దారికి ఎదురుదారిలో కడగాలి. తుప్పు రంగు పోయేదాకా అటూ ఇటూ మార్చి కడగాలి. లోపల గట్టిగా సున్నం పేరుకుని ఉంటే లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కాసేపు నిలబెట్టి, మళ్లీ బాగా కడగాలి. బాత్‌రూము యాసిడ్, కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వొద్దు, అవి సున్నంతోపాటు లోహాన్నీ తినేస్తాయి. తర్వాత ఒక మూతి బిగించి, తొట్టి నీళ్లలో ముంచి, రెండో మూతి నుంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టాలి. 15 పౌండ్లు దాటించొద్దు. బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడ. రాగి, ఇత్తడి కాయిలైతే రేడియేటర్ పనివాడు మాటు వేయగలడు. అల్యూమినియం అయితే మాటు గురించి ఆలోచించొద్దు, కొత్తది కొనండి. డబ్బాల్లో అమ్మే లీకు మందు పోయించొద్దన్నది నా గట్టి అభిప్రాయం. అది చిల్లును మూస్తుందో లేదో గాని సన్నటి గొట్టాలను మూయగలదు.

రేకుల అంచులకు అంటించిన స్పాంజీ ఈపాటికి పొడైపోయి ఉంటుంది. బ్లోయర్ వేస్తే మొహాన పడే నల్లటి నలుసులు అవే. మన ఎండల్లో దీని విలువ కాయిల్ కంటే ఎక్కువ. రేకు సరిగా మూసుకోకపోతే ఏసీ చల్లబరిచిన గాలిలో కాయిల్ వేడి కలుస్తూనే ఉంటుంది. గ్యాస్ ఎన్నిసార్లు నింపినా లాభం ఉండదు. కొత్తది వేసేటప్పుడు పరుపుల దుకాణపు స్పాంజీ వద్దు, అది నీళ్లు తాగుతుంది. తలుపు సందులకు అంటించే, నీళ్లు పీల్చని రబ్బరు పట్టీ తెచ్చుకోండి. అంటించాక చీకట్లో పెట్టెలో టార్చి వెలిగించి రేకు మూయండి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ గాలి పోతుంది. నీళ్లను ఆపే వాల్వ్ ఉన్న బండ్లలో, చల్లటి వైపు మీట జరిపినప్పుడు అది పూర్తిగా మూసుకునేలా కేబుల్ సరిచేయాలి.

బ్లోయర్‌కు కార్బన్ బ్రష్‌లు చూసి, బుష్‌లో ఒక్క చుక్క నూనె వేస్తే చాలు. హోస్ పైపులు ఎలాగూ ఊడదీశారు కాబట్టి రెండూ కొత్తవే వేయండి. తిరిగి నింపేటప్పుడు బోరు నీళ్లు పోయొద్దు, కాయిల్‌ను మూసిన సున్నం వచ్చింది అందులోంచే. బ్యాటరీ నీళ్లు, కూలెంట్ కలిపి పోయాలి. పోసేటప్పుడు హీటర్ మీట వేడి వైపే ఉండాలి, లేకపోతే గాలి లోపలే ఇరుక్కుంటుంది.

ఇంత పనికి పూనుకునే ముందు, వానలు దిగకముందే, ఒక చిన్న పరీక్ష చేయండి. ముందద్దం కింద జాలీలో ఉన్న ఆకులు ఏరేసి, ఒక చెంబెడు నీళ్లు మెల్లగా పోయండి. నీళ్లు బండి కింద నేలమీద కారితే ఈ ఏడాదికి ఫరవాలేదు. లోపల మ్యాట్ మీద కారితే పెట్టె దించాల్సిందే.