పుస్తకం చిన్నది, బొమ్మ పెద్దది

పదిమంది చేరి పుస్తకాలు చదువుకోవాలనే కోరిక పుట్టడం సులభం. దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. మా వీధిలో ఏడు కుటుంబాలవాళ్ళం నెలకొక ఆదివారం కూర్చోవాలని నిశ్చయించుకొని, మొట్టమొదట విశ్వనాథవారి 'వేయిపడగలు' పెట్టుకున్నాం. గొప్ప పుస్తకంతోనే ఆరంభించాలని మా ఉబలాటం. రెండో నెలకు ఐదుగురు వచ్చారు. మూడో నెలకు ఇద్దరు మిగిలారు. వాళ్ళయినా కాఫీ కోసమే కాబోలు!

తప్పు విశ్వనాథవారిది కాదు సుమండీ. వంట, పిల్లల బడి, ఆఫీసు – వీటి నడుమ అంత గ్రంథం ఎప్పుడు ముగుస్తుంది? ముగించలేనివాళ్ళు ఆ మాట చెప్పడానికి మొగమాటపడి, రావడమే మానుకున్నారు. ఎదురింటి పెద్దమ్మగారు వీధిలో నేను కనిపిస్తే తల వంచుకొని పోయేవారు. పుస్తకం పేరిట ఇరుగుపొరుగు దూరమయ్యే స్థితి వచ్చిందన్నమాట.

అప్పుడు కాలేజీలో చదివే పక్కింటి పిల్ల, "సినిమాగా వచ్చిన పుస్తకమే పెట్టండి పిన్నీ. చదవనివాళ్ళు సినిమా అయినా చూసి వస్తారు" అన్నది. ఇద్దరు పెద్దలు ముఖం చిట్లించారు. కాని వేరే దారి లేదు. పిల్ల మాటకు రెండు షరతులు మాత్రం చేర్చాం. పుస్తకం రెండు పూటల్లో పైకి చదివి ముగించగలిగినంత చిన్నదై వుండాలి. ముందు పుస్తకం, తరువాతే బొమ్మ.

ఈ రెండో షరతు ఎందుకంటారా? 1953లో వచ్చిన 'దేవదాసు' చూసినవాళ్ళను ఎవరినైనా అడగండి. శరత్‌బాబు నవల తెరిస్తే చాలు, పార్వతి ముఖాన సావిత్రి కళ్ళే కనబడతాయి. ఎంత తుడుచుకున్నా పోవు. ముందు చదివితే మన పార్వతి మనకు వుంటుంది. ఆ తరువాత సావిత్రి వచ్చినా నష్టం లేదు. శరత్ తన నవలలో పార్వతినీ చంద్రముఖినీ ఎన్నడూ ఎదురెదురుగా నిలబెట్టలేదు. 2002 నాటి హిందీ చిత్రంలో ఇద్దరూ కలిసి నాట్యమే చేశారు! ఆ ఒక్క విషయం మీద మా ఇంట్లో గంటసేపు వాదం జరిగింది.

మమ్మల్ని నిజంగా ఒడ్డున వేసినది మాత్రం ప్రేమ్‌చంద్ 'కఫన్'. 1936లో కన్నుమూసిన ఆ మహానుభావుడు చివరి రోజులలో వ్రాసిన కథ. నవల కాదు, పట్టుమని పది పుటలు. గుడిసె బయట తండ్రీకొడుకులు నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపలు తింటూ కూర్చుంటారు. లోపల కొడుకు భార్య పురిటి నొప్పులతో ప్రాణం విడుస్తుంది. ఆమె శవానికి బట్ట కొనాలని ఊరంతా తిరిగి డబ్బు పోగుచేసి, ఆ డబ్బుతో తాగుతారు. పైకి చదివితే అరగంట. చదవడం అయ్యాక ఎవరూ నోరు మెదపలేదు. అప్పుడు ఎదురింటి పెద్దమ్మగారు – అవును, తల వంచుకొని పోయినవారే – మెల్లగా అన్నారు: "ఆ పిల్లకు మూలుగే గాని ఒక్క మాటైనా లేదేం?"

ఆ ప్రశ్నకు జవాబు బొమ్మలో దొరికింది. మృణాల్ సేన్ ఆ కథను తెలుగులోనే 'ఒక ఊరి కథ' అని 1977లో తీశారు. బెంగాలీ దర్శకుడు, హిందీ ఉర్దూల కథకుడు, తెలుగు పల్లె! కథలో మూలుగుగా వినిపించిన కోడలు ఇక్కడ మమతా శంకర్ రూపంలో కాపురానికి వస్తుంది, కష్టపడుతుంది, ఆ సోమరి ఇంటిని ఒక దారికి తేవాలని పెనుగులాడుతుంది. పది పుటలను నిండు చిత్రం చేయాలంటే ఏదో కలపక తప్పదు. సేన్ కలిపినది ఆ పిల్ల బ్రతుకు. చిన్న పుస్తకాలతో వున్న లాభమే ఇది. పెద్ద నవలను సినిమా తీస్తే ఏమి కత్తిరించారని ఏడుస్తాం. చిన్న కథను తీస్తే ఏమి చేర్చారని చూస్తాం. రెండోదే మంచి సంభాషణ.

కుటుంబసమేతంగా కూర్చునేవారికి శరత్ 'నిష్కృతి', దాని నుంచి వచ్చిన 'తోడికోడళ్ళు' (1957) కంటె చక్కని జోడీ లేదు. ఉమ్మడి కుటుంబం, వంటింటి పెత్తనం, ముగ్గురు తోడికోడళ్ళు. పుస్తకం చదివినప్పుడు మధ్య కోడలి పక్షాన వాదించినవాళ్ళు మాలో ఇద్దరు వున్నారు. తెరమీదికి సూర్యకాంతం వచ్చాక ఆ ఇద్దరూ చప్పుడు చేయలేదు! నటి మహత్యం కథలోని న్యాయాన్ని ఎలా మార్చేస్తుందో అప్పుడు తెలిసింది.

రవీంద్రుని 'నష్టనీడ్' (1901), సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) కాస్త నిదానం మీద పట్టుకోవలసిన జోడీ. కథ చివర, తనతో రమ్మని భర్త ఆలస్యంగా పిలిస్తే చారు వద్దంటుంది. రాయ్ ఆ మాటే తీసేసి, ఒకరి వైపు ఒకరు చాచిన రెండు చేతులు కలియకముందే బొమ్మను నిలిపివేశారు. మా ఇళ్ళలో మగవాళ్ళు చేతులు కలుస్తాయన్నారు. ఆడవాళ్ళలో ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఒక హెచ్చరిక. పేరు చూసి మోసపోకండి. 1960 నాటి 'చివరకు మిగిలేది' చిత్రానికీ బుచ్చిబాబు నవలకూ పేరు తప్ప సంబంధం లేదు. ఆ చిత్రానికి మూలం బెంగాలీది. మేము ఆ నవల తెచ్చి, బొమ్మ పెట్టుకొని, పావుగంట దాకా దయానిధి కోసం వెతికాం. అలాగే పుస్తకం ఎన్నుకునే ముందే, అది దొరుకుతుందా, చిత్రం మంచి ప్రతి చూడదొరుకుతుందా అని రెండూ విచారించుకోవాలి. ఒక్కటే ప్రతి దొరికితే బెంగ లేదు, ఒకరు చదివితే మిగతావాళ్ళు వినవచ్చు. వింటూ చిక్కుళ్ళు ఒలుచుకోవచ్చు కూడా.

వచ్చే నెలకు శరత్ 'బడదీదీ', దానితో భానుమతి, నాగేశ్వరరావులు నటించిన 'బాటసారి' (1961) అని అనుకున్నాం. పుస్తకం నా దగ్గర లేదు. పెద్దమ్మగారు నిన్ననే పట్టుకుపోయారు. కళ్ళజోడు కూడా కొత్తది వేయించుకున్నారట.