కొక్కెర తెగులుకు వూరి మనిషే అడ్డు

పాడేరు: మన్యం గూడేల్లో కోడి కూరకు మాత్రమే కాదు. పిల్లవాడికి జ్వరం వస్తే మందుల ఖర్చుకు సంతకు పోయేది కోడే. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే కోసేదీ కోడినే. చుట్టం వచ్చినా, పలక కొనాలన్నా, ఆడవాళ్ల చేతిలో సొంతంగా వుండే ఆస్తి అదొక్కటే. ఆ ఆస్తి నాలుగైదు రోజుల్లో వూడ్చిపెట్టుకుపోవాలంటే కొక్కెర తెగులు ఒక్కసారి వూళ్లోకి వస్తే చాలు.

ఈ తెగులు వచ్చిన కోడి ముడుచుకుని కూర్చుంటుంది. మేత ముట్టదు. రెక్కలు వేలాడేస్తుంది, నోరు తెరిచి గాలి పీలుస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది. కొన్నిటికి మెడ వంకర తిరిగిపోతుంది. వచ్చాక మందు లేదు. డాక్టర్లు రాణిఖేత్ అంటారు. ఉత్తరాఖండ్‌లో కుమావూ కొండల మీది వూరి పేరది. దీనికి వాడే ఆర్.టు.బి. టీకా తయారైన ముక్తేశ్వర్ కూడా ఆ కొండల్లోదే. అంటే రోగమూ, దాని విరుగుడూ ఒకే సీమ పేరు చెప్పుకుంటున్నాయి.

విరుగుడు వున్నా గూడెంలో కోళ్లు చస్తూనే వచ్చాయి. కారణం టీకా సీసాలో వుంది. సీసా ఒకటి వంద కోళ్లకు సరిపోతుంది. ఇంటికి వుండేవి ఆరో, పదో. ఒక ఇంటికోసం సీసా కొంటే తొంభై పాళ్లు నేలపాలు. పైగా ఒకసారి కలిపాక రెండు గంటల్లోపల వాడెయ్యాలి, ఆ తరువాత అది వట్టి నీళ్లే. కలపకముందు కూడా ఐసులో వుండాలి. ఆస్పత్రి వున్నచోటు నుంచి కొండదారిని నడిచి వచ్చేసరికి ఎండకు దాని పస పోతుంది. ఒక డాక్టరు పది కోళ్లకోసం కొండ ఎక్కిరావాలని ఎదురుచూడడమూ న్యాయం కాదు.

అందుకే వూళ్లోనే ఒక మనిషి కావాలన్న ఆలోచన వచ్చింది. మహిళా పశువైద్యులు 1990 దశకంలో నెలకొల్పిన 'అంత్ర' అనే సంస్థ మన రాష్ట్రంలోనూ, మహారాష్ట్రలోనూ గ్రామీణ స్త్రీలకు పశువుల ఆరోగ్యంలో శిక్షణ ఇచ్చింది. పొదుపు సంఘాల నుంచి ఎంచిన పశు సఖులు ఈనాడు దేశంలో చాలాచోట్ల ఈ పనిలో వున్నారు. చదువు పెద్దగా అక్కర్లేదు. గడియారం చూడడం, లెక్క రాయడం, చెప్పింది చెప్పినట్టు చెయ్యడం వస్తే చాలు.

కోళ్లను వదలకముందే

ముందురోజు సాయంత్రమే ఆమె ఇల్లిల్లూ తిరుగుతుంది. "వదినా, రేపు గూడు తలుపు తియ్యకండి, నేను వచ్చేదాకా ఆగండి" అని చెప్పి వస్తుంది. తెల్లవారి కోడి బయటపడిందంటే ఇక చిక్కదు. ఫ్లాస్కులో ఐసు, ఐసులో సీసాలు. కోడి కూసే వేళకు మొదటి ఇంటి ముందు కూర్చుంటుంది. వారం వయసు పిల్లలకు లసోటా టీకా, కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. ఎనిమిది వారాలు దాటినవాటికి రెక్క కింద చర్మంలో ఆర్.టు.బి. సూది. ఈ రెండూ తారుమారు కాకూడదు. పసిపిల్లకు ఆర్.టు.బి. వేస్తే కాపాడవలసిన టీకాయే ప్రాణం మీదికి తెస్తుంది. పొద్దు బాగా ఎక్కేసరికి గూడెం మొత్తం అయిపోవాలి.

అసలు కష్టం సూది వెయ్యడం కాదు, వెయ్యకముందు అడిగే ప్రశ్న. "పిన్నీ, మీ గూట్లో ఏదైనా ముడుచుకుని కూర్చుందా? సంత నుంచి కొత్త కోడి తెచ్చారా?" తెగులు అప్పటికే లోపల వున్న కోడికి టీకా వేస్తే అది బతకదు. చూసేవాళ్లకు మాత్రం సూది వేశాక చచ్చినట్టే కనపడుతుంది. మాట నీళ్లరేవు దాకా పోతుంది, మరుసటి ఏడు ఒక్క గుమ్మమూ తెరవరు. బయటి నుంచి వచ్చినవాళ్లయితే బండెక్కి పోతారు. ఆమె ఆ రేవుకే నీళ్లకు వెళ్లాలి. అనుమానం వుంటే ఆ ఇల్లు వదిలేసి, "జబ్బుకోడిని సంతకు పంపకండి, చచ్చినదాన్ని లోతుగా పూడ్చండి" అని చెప్పి పోవడమే మంచిదని అనుభవం మీద తెలుస్తుంది. జబ్బుకోడిని తొందరపడి అమ్ముకోవడం వల్లనే తెగులు ఒక గూడెం నుంచి ఇంకో గూడానికి నడుస్తోంది మరి.

ఇలా వూరి మనిషే సూది పట్టిన కథలు దూరదేశాల్లోనూ వున్నాయి. ఇథియోపియాలోని అఫార్ ఎడారిసీమలో 1990 దశకంలో డాక్టర్లు చేరలేని మందలకు అక్కడి కాపరులే ముసర రోగం టీకాలు వేశారు. 2011లో ఆ రోగం లోకంలోనే లేదని ప్రకటించారు. అక్కడ వాడిన టీకా ఎండకు కొంత ఓర్చుకునేది. గూడేనికి వచ్చే లసోటా, ఆర్.టు.బి.లకు ఆ ఓర్పు లేదు. ఐసు తప్పదు.

ఆమె డాక్టరు కాదు, కాకూడదు కూడా. పశువైద్యుల చట్టం 1984లోనే వచ్చింది. టీకా, నులిపురుగుల మందు, పుండు కడిగి కట్టడం, ఈ చిన్న పనులు పశువైద్యుని అజమాయిషీలోనే. ఆవు ఈనలేకపోయినా, దొమ్మ అనుమానం వచ్చినా కబురు ఆస్పత్రికి పోవలసిందే. 2022లో మన రాష్ట్రంలో 1962 నెంబరు మీద సంచార పశువైద్య వాహనాలు వచ్చాయి. బండి ఎక్కలేని కొండలకూ, ఫోను పలకని కొండలకూ ఆ కబురు మనిషే మోసుకుపోవాలి.

ఇక డబ్బు మాట. కోడికి ఇంత అని వూరు ఒప్పుకుంటుంది. వేసిన రోజున కొందరు చేతిలో పెడతారు, కొందరు రెండు గుడ్లు ఇస్తారు, కొందరు "సంతకు పోయొచ్చాక ఇస్తాలే అమ్మా" అంటారు. పుస్తకంలో రాసుకుంటుంది. ఐసుకూ, బస్సు చార్జీకీ మాత్రం ఎవరూ అప్పు పెట్టరు. టీకా వుచితంగా వచ్చిన ఏడు కూడా ఆ ఖర్చు ఆమెదే. సూది టీకా ఒకసారి వేసి వదిలేది కాదు, మళ్లీ మళ్లీ వెయ్యాలి. ఎండలు ముదరకముందు ఒక విడత తప్పనిసరి. ఆ విడతకు ఐసు డబ్బులు సంఘం ఇవ్వాలా, పంచాయతీ ఇవ్వాలా అన్నది గూడేల్లో ఇంకా తేలవలసే వుంది.