పండుగ డప్పు, ఆదివారపు కోత: దైనందిన జీవితంలో క్రైస్తవ స్వాతంత్ర్యము

క్రైస్తవ స్వాతంత్ర్యాన్ని గూర్చి ప్రసంగించేటప్పుడు మనం సాధారణంగా గలతీ పత్రిక 5:1తో ఆరంభించి, పాపమునుండి, ధర్మశాస్త్రమునుండి విడుదల అని చెప్పి ముగిస్తాం. అయితే సోమవారం ఉదయం పనిలోకి వెళ్లే విశ్వాసికి ఆ స్వాతంత్ర్యం ఎక్కడ పనికివస్తుంది?

యెరూషలేములో తీతుకు సున్నతి చేయించాలన్న ఒత్తిడికి పౌలు ఏమాత్రం లొంగలేదు (గల. 2:3-5). అదే పౌలు తిమోతికి తానే సున్నతి చేయించాడు (అపొ. 16:3). ఆచారం ఒక్కటే, నిర్ణయాలు రెండు. పౌలు మాట మార్చాడని విమర్శించేవారు లేకపోలేదు. కానీ తీతు విషయంలో సున్నతి రక్షణకు షరతుగా ముందుకు వచ్చింది. తిమోతి విషయంలో ఆ ప్రాంతపు యూదుల మధ్య సేవకు అడ్డు తొలగించడమే ఉద్దేశం. మొదటి సందర్భంలో కాదనడం స్వాతంత్ర్యం. రెండవ సందర్భంలో ఒప్పుకోవడం కూడా స్వాతంత్ర్యమే. గలతీ 5:13లో స్వాతంత్ర్యాన్ని గూర్చి చెబుతూనే పౌలు దాసత్వాన్ని తెలిపే క్రియ వాడాడు. మన తెలుగు బైబిలు కూడా "దాసులు" అన్న మాటను మెత్తబరచలేదు. విశ్వాసంచేత ఎవరికీ లోబడనివాడు ప్రేమచేత అందరికీ సేవకుడన్నదే 1520లో లూథరు క్రైస్తవ స్వాతంత్ర్యంపై వ్రాసిన చిన్న గ్రంథపు సారాంశం. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరుకు వచ్చిన నాటినుండి లూథరన్ బోధ మన మధ్య ఉన్నా, చిన్న ప్రశ్నోత్తరిని చదివినంతగా ఈ గ్రంథాన్ని మనం చదవలేదేమో!

దీనిని జీవించి చూపినవారు మన ప్రాంతంలోనే ఉన్నారు. 1866లో యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందిన తరువాత ఒంగోలు చుట్టుపట్ల మాదిగపల్లెల్లో సువార్త వ్యాపించింది. విగ్రహాలకు మ్రొక్కవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, ఆదివారం పనిచేయవద్దు అని మిషనరీ జాన్ క్లౌ బోధించాడు. విశ్వాసులు గ్రామదేవతల పండుగలలో డప్పు కొట్టడం కూడా మానుకున్నారు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. చాకలి వారి బట్టలు ఉతకకుండా, కుమ్మరి వారికి కుండలు అమ్మకుండా కట్టడి చేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వలేదు, కోతలకు పిలవలేదు. అంటే ఏడాది గింజలు పోయినట్టే. పైకి చూస్తే ఆ మూడూ కొత్త ధర్మశాస్త్రంలా కనిపిస్తాయి. కానీ పిలిచినప్పుడెల్లా పనికి పోవలసిన మనిషికి "ఈ ఒక్క రోజు నేను రాను" అనగలగడం చిన్న సంగతి కాదు. అది తీతు మార్గం.

చిక్కు తరువాతి తరాలలో వచ్చింది. తాత డప్పు మానడం విడుదల అయింది గనుక డప్పే అపవిత్రమని మనుమడికి నేర్పాం. ఆ మనుమడు అదే డప్పుతో ఆరాధనలో దేవుని స్తుతించడం నాకైతే తిమోతి మార్గంగానే తోస్తుంది. మరోవైపు, నిజంగా కాదనవలసిన చోట మౌనంగా ఉంటాం. పెండ్లి పత్రికపై సిలువ అచ్చువేయించి, రాహుకాలం తప్పించి సమయం పెట్టుకునే కుటుంబాలు మా బ్రాడీపేటలోనూ ఉన్నాయి (గల. 4:10). కట్నం సంగతి చెప్పనక్కరలేదు.

బ్రాడీపేటకు రాకముందు మిరప పండే ఒక గ్రామంలో నేను సంఘకాపరిగా ఉన్నాను. కోతల రోజుల్లో ఒక విధవరాలు, "అయ్యగారూ, ఆదివారం కాయ కోతకు పోతే పాపమా?" అని అడిగింది. పాపమేనని వెంటనే చెప్పాను. బి.డి. చదివినవాడిని, మార్కు 2:27 నాకు తెలియక కాదు. ఆమె కోతకు వెళ్లింది. కోతలు ముగిసేవరకు గుడికి రాలేదు. తరువాత ఇంటికి వెళ్లి అడిగితే, "పాపం చేస్తూ బల్ల దగ్గరకు ఎట్లా వస్తానయ్యా?" అన్నది. ముత్తాతలకు విడుదల అయిన నియమాన్ని నేను ఆమె మెడపై కాడిగా పెట్టాను.

మరుసటి ఏడు కోతల కాలంలో ఆరాధనను ఆదివారం రాత్రి ఏడు గంటలకు మార్చాం. కారంతో మండే చేతులు కడుక్కొని స్త్రీలు తిన్నగా గుడికి వచ్చేవారు. ఆమె కూడా వచ్చి బల్లలో పాలుపొందింది. సంఘ పెద్దలలో ఇద్దరు మాత్రం ఆ ఏర్పాటుకు చివరివరకు ఒప్పుకోలేదు. వారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోలేదు; ఆదివారం కోసం కూలి పోగొట్టుకున్నవారి మునిమనుమలు వారు.