మంచుకొండ ఎక్కబోయే ముందు



కేదారం, బదరీ చూసివచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ దారుల్లో ఎటు చూసినా జనమే, టీ కొట్లే. అలా కాకుండా, సందడి లేని కొండదారిన నాలుగు రోజులు నడిచిరావాలని కొందరికి కోరిక. మంచిదే. కాని సందడి లేనిచోట డాక్టరూ ఉండడు, మందుల షాపూ ఉండదు. అందుకే ఆ ప్రయాణం మూడు నెలల ముందే మన ఇంటి దగ్గర మొదలు కావాలి.

ఉదాహరణకు ద్రోణగిరినే తీసుకుందాం. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా, నీతి లోయలోని చిన్న ఊరది. హనుమంతుడు సంజీవని కోసం కొండను పెకలించుకుపోయింది తమ దగ్గరినుంచేనని అక్కడివాళ్ల నమ్మకం. ఆ కోపంతో ఇప్పటికీ ఆయనను పూజించరు! జోషీమఠ్ నుంచి జుమ్మా దాకా బండిలో పోయి, అక్కడినుంచి రుయింగ్ అనే పల్లె మీదుగా కాలినడకన ఎక్కాలి. ఊరు సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో ఊరివాళ్లే కిందికి దిగిపోతారు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. కనుక మే, జూన్ నెలల్లో గాని, సెప్టెంబరు చివర గాని వెళ్లాలి. స్థానికుడైన గైడు తప్పనిసరి. ఏయే అనుమతులు కావాలో ముందే కనుక్కోవాలి.

మొదట చేయవలసింది రక్తపరీక్ష. అంత ఎత్తున మనకందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులే. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ. అది సరిచేసుకోకుండా బయలుదేరవద్దు. బీపీ, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరు సలహా తీసుకోవాలి.

తర్వాత నడక. మా కల్వకుర్తి వైపు వాళ్లకు అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం కొండ ఉంది. పట్నంలో ఉన్నవాళ్లకు మేడమెట్లు చాలు. బుజాన సంచిలో అయిదు కిలోల బియ్యం వేసుకుని ఎక్కండి, దిగండి. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అలవాటు చేసుకోవాలి. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల మొదట బండ ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే!

ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు. చెమటకు తడిస్తే ఆరదు, చలి పట్టుకుంటుంది. ఉన్నివి, త్వరగా ఆరేవి పొరలు పొరలుగా వేసుకోవాలి. పల్లీపట్టీలు, అటుకులు, బెల్లం వెంట ఉంచుకోండి. అక్కడ నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకుంటే పప్పు ఉడకదు. తాగడానికి మాత్రం ఆ మరిగిన నీళ్లు నిక్షేపంగా పనికొస్తాయి.

ఇక అసలు మాట. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకున్నచోటికన్నా రేపటి రాత్రి మకాం 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఉండాలి. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఉంటే ఇంకా పైకి పోవద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, అడుగులు తడబడుతున్నా, మాట తేడాగా ఉన్నా, రాత్రయినా సరే వెంటనే మనిషిని తోడిచ్చి కిందికి దించాలి. నిద్రమాత్రలు వేసుకోవద్దు.

మనకేమో చిన్ననాటినుంచీ ఓర్చుకోవడమే నేర్పారు. జ్వరంతోనే వంట చేస్తాం, తలనొప్పి అని నోరు విప్పం. నావల్ల నలుగురి ప్రయాణం ఆగిపోతుందేమో అనుకుంటాం. ఇంట్లో ఆ ఓర్పుకు మెప్పు దొరుకుతుందేమో గాని, కొండమీద ప్రాణం తీస్తుంది. బాధ అనిపించిన క్షణమే పక్కవాళ్లకు చెప్పండి. చెప్పడానికి మొహమాటపడే మనిషి అలాంటి దారికి ఇంకా సిద్ధం కానట్టే.

ఫోను అందని చోటు కనుక, ఏ దారిన పోతున్నారో, ఏ రోజుకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చివెళ్లండి. సగందూరం నుంచి వెనక్కి రావలసివచ్చినా చిన్నబోవద్దు. హనుమంతుడు మళ్లీ వచ్చి ఎత్తుకుపోతే తప్ప ఆ కొండ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు మళ్లీ వెళ్లవచ్చు.