సంగటి ముద్ద ఎన్ని గ్రాములు? క్యాలరీ లెక్క ఎక్కడ తప్పుతుందంటే

పూతలపట్టు నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశాను. పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "బ్రో, రోజూ యాప్‌లో రాస్తా ఉన్నా, 1500 దాటట్లేదు, అయినా బరువు తగ్గట్లేదు, నా బాడీనే అంతేనా?" అని. ఈ రోజు దాని గురించే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాయనకి సుగర్ ఉంది. బరువు 84 కేజీలు. డాక్టర్ గారు కొంచెం తగ్గించమన్నారు. నేనేమో సాఫ్ట్‌వేర్‌వాడిని కదా, వెంటనే ఫోన్లో యాప్ వేసి, నాయన తిన్నదంతా నేనే ఎంట్రీ చేయడం మొదలుపెట్టాను. రోజుకి 1500. ఏడు వారాలు చేశాం. బరువు? 84. అమ్మ, నేను కలిసి తేల్చిన విషయం ఏందంటే, నాయన క్రాస్ రోడ్డు దగ్గర టీ తాగడానికి పోయినప్పుడు బోండాలు తింటున్నాడు అని. అడిగాం కూడా. "తినలేదు" అన్నాడు. మేం నమ్మలేదు. రెండు మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు.

తర్వాత చిత్తూరు పోయినప్పుడు ఒక కిచెన్ తూకం కొనుక్కొచ్చాను. 5 కేజీల వరకు తూచేది, 1 గ్రాము తేడా చూపించేది. ఆ మధ్యాహ్నం నాయన కంచంలో ఉన్న సంగటి ముద్దని తూచాను. 450 గ్రాములు. యాప్‌లో నేను రోజూ నొక్కుతున్నది "రాగి ముద్ద, ఒకటి, 180 క్యాలరీలు". ఆ ముద్ద ఎవరి ఇంటి ముద్దో నాకు తెలీదు. మా ఇంటి ముద్ద మాత్రం కాదు.

సరే, ఈ 450 గ్రాముల ముద్దకి క్యాలరీలు ఎట్లా కనుక్కోవాలి? ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. గూగుల్‌లో "రాగులు 100 గ్రాములు" అని కొట్టి, వచ్చిన నంబర్‌ని వండిన ముద్దకి వేసేస్తారు. ఆ నంబర్ ఎండు రాగులది. ముద్దలో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి. నీళ్ళకి క్యాలరీలు సున్నా. పైగా ఆ నీళ్ళు ఇంటింటికీ మారతాయి. కొంతమంది గట్టిగా గెలుకుతారు, కొంతమంది మెత్తగా. అందుకే వండినదాని నంబర్ ఎక్కడో వెతకడం కంటే, మన గిన్నెలోనే పుట్టించుకోవాలి.

మా ఇంటి లెక్క స్క్రీన్ మీద పెడుతున్నా, చూడండి. అమ్మ ఒక పూటకి 200 గ్రాముల బియ్యం, 300 గ్రాముల రాగి పిండి వేస్తుంది. మన హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్‌ఐఎన్, వాళ్ళు 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు తెచ్చారు. 528 రకాల ఆహారాలు, 100 గ్రాముల్లో ఏముందో ఉంటుంది. నేను చూసేది అదే. ఒక జాగ్రత్త. అందులో శక్తిని కిలోజౌల్స్‌లో ఇచ్చారు. బియ్యం ఎదురుగా 1491 అని ఉంటే, నేను మొదటి రోజు దాన్ని క్యాలరీలు అనుకుని గుండె పట్టుకున్నాను. దాన్ని 4.184తో భాగించాలి. అప్పుడు బియ్యం 356. రాగులు 1342 కిలోజౌల్స్, అంటే దాదాపు 320. యూనిట్ చూడకుండా నంబర్ తీసుకోవడం... బీటెక్ చదివి చేసిన పని అది!

ఇప్పుడు బియ్యం 200 గ్రాములకి 712, రాగి పిండి 300 గ్రాములకి 960. మొత్తం 1672. గెలికి దించినాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేస్తే సంగటి 1700 గ్రాములు వచ్చింది. 1672ని 1700తో భాగిస్తే గ్రాముకి 0.98 క్యాలరీ. నాయన ముద్ద 450 గ్రాములు. అంటే 440 క్యాలరీలు. నేను రాసింది 180.

ఒక్క ముద్దలోనే 260 మాయం.

దీనికి ఒక చిన్న పని ముందే చేసి పెట్టుకోండి. ఇంట్లో రోజూ వాడే గిన్నెలు ఖాళీగా ఉన్నప్పుడు తూచి, ఫోన్లో రాసుకోండి. కాలుతున్న గిన్నెలో నుంచి సంగటి తీసి వేరే దాంట్లో వేసి తూచాలంటే అమ్మ ఆ తూకాన్నే బయట పడేస్తుంది.

అన్నానికి కూడా ఇదే పద్ధతి. రాత్రి "ఒక కప్పు అన్నం, 200" అని రాసేవాడిని. తూస్తే 320 గ్రాములు. మా అన్నం గ్రాముకి 1.24 వచ్చింది, అంటే దాదాపు 400. మా బియ్యం డబ్బాలో పాత సోల ఒకటి ఉంది, అమ్మకి దాంతోనే లెక్క. దాని మీద నాకేం కోపం లేదు, బియ్యానికి ఎసరు పెట్టడానికి అది చాలు. కానీ తలకొట్టి కొలిస్తే ఒక బరువు, గోపురంగా కొలిస్తే ఇంకో బరువు. కప్పు, గరిటె, పిడికెడు, అన్నీ అంతే. వంటకి సరిపోతాయి, క్యాలరీలకి సరిపోవు.

ఇప్పుడు అసలైన దొంగ దగ్గరికి వద్దాం. నూనె. గ్రాముకి 9 క్యాలరీలు. నూనె ప్యాకెట్ తిప్పి చూడండి, 1 లీటరు పక్కన 910 గ్రాములు అని ఉంటుంది. అంటే ఒక లీటరు ప్యాకెట్‌లో 8190 క్యాలరీలు. టేబుల్ స్పూన్ నూనె 120 పైనే. నేను నాయన పేరు మీద రోజుకి రెండు టీ స్పూన్లు రాస్తున్నా, 80 క్యాలరీలు. అమ్మ స్పూన్ వాడదు. సీసా వంచుతుంది, అంతే.

గిన్నె తూకం మీద పెట్టి అందులో నూనె పోద్దాం అనుకుంటారు. నేనూ అదే చేశాను. కానీ కొన్ని తూకాలు సన్నగా పోసేదాన్ని పట్టించుకోవు, ఐదు గ్రాములు పడినా సున్నా దగ్గరే నిలబడతాయి. కాబట్టి సీసానే తూకం మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేయండి. సీసా తీసి కూరలో పోసి మళ్ళీ పెట్టండి. మైనస్ 38 అని చూపిస్తే, 38 గ్రాములు పడినట్టు. అమ్మని ఆపే పని కూడా లేదు, ముందొకసారి వెనకొకసారి సీసా తూస్తే చాలు. వారం రోజులు చూస్తే నాయన వాటాకి రోజుకి 25 గ్రాములు తేలింది. 225 క్యాలరీలు. ఇక్కడ ఇంకో 145 తేడా.

చెనక్కాయల ఊరిబిండి గురించి చెప్పకపోతే చిత్తూరోళ్ళు ఊరుకోరు. 100 గ్రాముల చెనక్కాయ పప్పుకి 520 క్యాలరీలు. నూరినాక చూడడానికి చట్నీ లాగే ఉంటుంది కాబట్టి మనం చట్నీ లాగే రాస్తాం. "రెండు స్పూన్లు, 50". నాయన వేసుకున్నది 60 గ్రాములు, అందులో 150 ఉన్నాయి. మంచి తిండే, మానమని నేను అనను. తూచమంటా.

మొత్తం కూడండి. ముద్దలో 260, అన్నంలో 200, నూనెలో 145, ఊరిబిండిలో 100. 700 పైమాట. 1500 అని రాసుకుంటూ నాయన తిన్నది 2200. బోండాల అవసరమే లేదు. ఆ రోజు సాయంత్రం ఈ లెక్క చూపించి సారీ చెప్పాను. నాయన ఒకటే మాట అన్నాడు, "నేను చెప్తే నమ్మలేదు, ఆ పెట్టె చెప్తే నమ్మినావు."

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 1992లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు అనేవాళ్ళని తీసుకుని, వాళ్ళు రాసింది ఎంత, నిజంగా తిన్నది ఎంత అని చూశారు. సగటున 47 శాతం తక్కువ రాశారు. వాళ్ళ శరీరం శక్తి ఖర్చు చేయడంలో తేడా ఏమీ కనపడలేదు. వాళ్ళు అబద్ధాలు చెప్పారని కాదు, కంటితో కొలిస్తే అంతే వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. నాటుకోడి పులుసు తింటే, తిన్నాక ఎముకలు తూచి తీసేయండి. మామిడి కాయకి తొక్క, టెంక తీసేయండి. పట్టికల్లో ఇచ్చేది తినే భాగానికే. ఎన్‌ఐఎన్ వాళ్ళు చెప్పే రోజువారీ ప్లేటులో ధాన్యాలు 250 గ్రాములు అని ఉంటుంది, అది వండకముందు బరువు, అన్నం బరువు అనుకోకండి. కొత్త తూకం మీద నమ్మకం లేకపోతే పది రూపాయల బిళ్ళలు పది పెట్టండి, ఒక్కోటి 7.7 గ్రాములు, 77 దగ్గర రావాలి. తిరుమల లడ్డు 175 గ్రాములు అంటారు, నేను తూకం బయటికి తీయబోతే "ప్రసాదానికి లెక్కలేందిరా" అని అమ్మ తిట్టింది. పెట్టేశాను.

జీవితాంతం తూచాలా అంటే, వద్దు. మేం మూడు వారాలు తూచాం. ఇప్పుడు అమ్మ చెయ్యి 300 గ్రాముల ముద్ద దగ్గరే ఆగిపోతుంది, నెలకొకసారి చెక్ చేస్తాం. తిండి మీద భయం, బాధ ఉన్నవాళ్ళు ఈ లెక్కల జోలికి రావద్దు. సుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి తగ్గించేముందు డాక్టర్‌తో మాట్లాడండి, డోసు మార్చాల్సి రావచ్చు. మా నాయనకి కూడా అడిగే చేశాం.

పది వారాల్లో 84 నుంచి 80.8కి వచ్చాడు. సంగటి మానలేదు, ముద్ద చిన్నదైంది. టీకి క్రాస్ రోడ్డుకి పోతూనే ఉన్నాడు. పోయిన ఆదివారం నన్ను కూడా పిలుచుకుపోయి, నా ముందే ఒక బోండా తిన్నాడు. "రాసుకో" అన్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో బయట హోటల్లో తిన్నప్పుడు, అక్కడ తూకం ఉండదు కదా, అప్పుడు ఎట్లా అంచనా వేయాలో చూద్దాం. మీ ఇంటి ముద్ద ఎన్ని గ్రాములో తూచి కింద రాయండి. ఉంటాను మరి.