వైద్యవిద్యా పరిశోధనలో ఇంటర్‌సెక్షనాలిటీ

ఇంటర్‌సెక్షనాలిటీ అనగా కులం, తెగ, లింగం, వర్గం, భాష, ప్రాంతం వంటి భేదాలు ఒకే వ్యక్తి జీవితంలో కలసి పనిచేసే తీరును పరిశీలించే సిద్ధాంతం. తెలుగులో దీనిని కూడలి దృక్పథం అనవచ్చు. వైద్యులు, నర్సులు, ఇతర ఆరోగ్య సిబ్బంది శిక్షణపై జరిగే పరిశోధనలలో దీనిని ఉపయోగిస్తున్నారు. ఎవరికి ప్రవేశం లభించింది అన్నదే కాక, చేరినవారిలో ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు వెనుదిరిగారు, ఎందువలన అన్న ప్రశ్నలను ఇది ముందుకు తెస్తుంది.

నేపథ్యం

ఈ పదాన్ని 1989లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ప్రతిపాదించింది. జనరల్ మోటార్స్ సంస్థపై ఐదుగురు నల్లజాతి మహిళలు వేసిన దావాలో 1976లో వెలువడిన తీర్పును ఆమె విశ్లేషించింది. ఆ సంస్థ స్త్రీలను నియమించింది గనుక లింగవివక్ష లేదని న్యాయస్థానం భావించింది. జాతివివక్ష ఆరోపణను మరొక దావాతో కలపమని సూచించింది. అయితే 1964కు ముందు నియమితులైన స్త్రీలు తెల్లజాతివారు. నల్లజాతి స్త్రీల నష్టం ఏ లెక్కలోనూ విడిగా కనబడలేదు.

భద్రాచలం మన్యం ఉదాహరణ

కొత్తగూడెంలో 2022లోను, ఖమ్మంలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. ఇటువంటి కళాశాలల ప్రవేశ వివరాలను "ఎస్టీ", "స్త్రీలు" అని వేర్వేరుగా లెక్కిస్తే, గిరిజన స్త్రీలు ఎందరో తెలియదు. రెండింటినీ కలిపి చూసినా "ఎస్టీ" అన్న ఒకే గడిలో కోయలు, కొండరెడ్లు, లంబాడీలు చేరిపోతారు. కోయ ద్రావిడ భాష, లంబాడీ ఇండో-ఆర్య భాష. కొండరెడ్లు ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహంగా గుర్తింపు పొందినవారు. సాల్వాజుడుం కాలపు హింస వలన 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన గుత్తికోయలకు తెలంగాణలో ఎస్టీ హోదా లేనందున వారు ఆ గడిలోకే రారు. పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసినందున, ఒకే కోయ బంధువర్గంలోని పిల్లలకు వేర్వేరు రాష్ట్రాల ప్రవేశ నియమాలు వర్తిస్తాయి.

పరిశోధనా విధానం

ఈ దృక్పథం భేదాలను వరుసగా కూడి చూపడంతో సరిపెట్టుకోదు. సంస్థల నియమాలను, అధికార సంబంధాలను కూడ ప్రశ్నిస్తుంది. ఉదాహరణకు, కోయ భాష మాట్లాడే ఒక నర్సింగ్ విద్యార్థినిని ఊహించవచ్చు. ఆంగ్లంలో జరిగే పరీక్షలో ఆమె వెనుకబడవచ్చు. అదే విద్యార్థిని భద్రాచలం ఆసుపత్రి వార్డులో, తెలుగు సరిగా రాని గర్భిణి బాధను అందరికంటె ముందుగా గ్రహించగలదు. పరీక్ష ఈ నేర్పుకు మార్కులు వేయదు. లోపం విద్యార్థినిదా, కొలబద్దదా అని పరిశోధకుడు విచారించాలి. తన కులం, భాష, హోదా తన పరిశీలనను ఎలా ప్రభావితం చేస్తున్నాయో కూడ అతడు తెలుపాలి.

పరిమితులు

వర్గీకరణ సూక్ష్మమైనకొద్దీ ఒక్కొక్క సమూహంలో సంఖ్య తగ్గి, గణాంక నిర్ధారణలు బలహీనపడతాయి. గోప్యతకూ ముప్పు కలుగుతుంది. ఒక తరగతిలో కొండరెడ్డి విద్యార్థిని ఒక్కతే ఉంటే, పేరు దాచినా ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. కనుక ప్రచురణకు ముందు ఆమె అనుమతి తీసుకోవడం, గుర్తు తెలిపే వివరాలను తగ్గించడం అవసరం.